సున్నపు గోడ తెలుపు ఎక్కడిది: సెయింట్ జార్జ్ కోట ఆక్వాటింట్ పునర్ముద్రణ, ఒక కేస్ స్టడీ

పని ఇది: 1797లో లండన్‌లో వెలువడిన ఒక ఆక్వాటింట్ (రాగి రేకును ఆమ్లంతో కొరికించి తీసిన అచ్చు చిత్రం) నుంచి ఫ్రేమ్ కట్టి గోడకు పెట్టదగ్గ 25 ప్రతులు తీయాలి. చిత్రం మద్రాసు సెయింట్ జార్జ్ కోటను ఆగ్నేయం నుంచి, అంటే సముద్రం వైపు నుంచి చూపుతుంది. గీసి రాగి రేకు మీదికి ఎక్కించినవారు థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం. ఈ ఇద్దరూ 1786లో కలకత్తా చేరి, 1792-93లో దక్షిణాది తిరిగి, 1794లో ఇంగ్లండ్ వెళ్లిపోయారు. 1795 నుంచి 1808 వరకు 144 రేకులుగా వచ్చిన వారి ‘ఓరియంటల్ సీనరీ’లోది ఈ చిత్రం. 1639లో దామర్ల నాయకులు ఇచ్చిన నేల మీద లేచిన కోట ఇది. పక్కన పెరిగిన చెన్నపట్నానికి పేరు కూడా దామర్ల చెన్నప్పదే.

మూలప్రతిలో చిత్రభాగం సుమారు 60 సెం.మీ. వెడల్పు, 42 సెం.మీ. ఎత్తు. కాగితం గోధుమరంగుకు తిరిగింది. పాత మౌంట్ (చిత్రం చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట) అంచు కింద ఉన్న భాగం కాస్త లేతగా మిగిలింది. ఆ కిటికీ అంచు వెంబడి ముదురు చార ఉంది. ఆకాశంలో 30కి పైగా తుప్పురంగు చుక్కలు, ఒక మూల నీటి మరక.

పని ఇచ్చినవారు అడిగినది ఒక్కటే: ‘పాతబడకముందు ఎలా ఉండేదో అలా’. మిగతా పని అంతా ఈ మాటకు అర్థం వెతకడమే. ఎందుకంటే ఈ చిత్రంలో తెలుపు అనే రంగు లేదు. మద్రాసు భవనాల మీద గుల్ల సున్నంతో చేసి, నునుపుగా రుద్ది, పాలరాయిలా మెరిపించిన పూతకు ఆనాడు పెద్ద పేరు. ఆ గోడల్ని చూపడానికి చిత్రకారులు వాడింది ఏమీ పూయని కాగితాన్నే. కాగితం మారితే గోడ మారుతుంది. కాబట్టి నకలు తీసేవాడు మొదట తేల్చుకోవలసినది కాగితం సంగతి.

రేకు మీద ఏం జరిగింది

ఇది తెలియకుండా స్కానర్ ముట్టుకోకూడదు. ఆక్వాటింట్‌లో రాగి రేకు మీద గుగ్గిలం పొడిని దుమ్ములా పరచి, వేడిచేసి అంటిస్తారు. ఆమ్లంలో ముంచితే అది గింజల మధ్య ఉన్న రాగిని మాత్రమే కొరికేస్తుంది, సిరా నిలిచేది ఆ గుంటల్లోనే. లేతగా ఉండవలసిన చోట వార్నిష్ పూసి, మిగతాది మళ్లీ ముంచుతారు. ఇలా విడతలుగా చాయలు పుడతాయి. భూతద్దంలో చూస్తే ప్రతి చాయా చిన్న చిన్న తెల్లని దీవుల చుట్టూ అల్లుకున్న సిరా వలలా ఉంటుంది. పుస్తకాల్లో ఫోటోలు అచ్చువేసే హాఫ్‌టోన్ చుక్కల్లా వరసల్లో ఉండదు. ఆ కాలపు ఇంగ్లిష్ దృశ్యచిత్రాల్లో తరచు ఆకాశానికి నీలి సిరా, నేలకు గోధుమరంగు సిరా పెట్టి ఒకే రేకును అచ్చువేసేవారు. ఆ తర్వాత ఒక్కో ప్రతికీ చేత్తో నీటిరంగు వేసేవారు. అంటే కాగితం, సిరా వల, పారదర్శకమైన రంగు, ఈ మూడు పొరలు. మూడూ వేర్వేరుగా పాతబడతాయి.

అందుకే పుస్తకంలో అచ్చయిన బొమ్మను మూలంగా తీసుకోవద్దు. అందులో గింజ పోయి హాఫ్‌టోన్ చుక్క వచ్చి కూర్చుంటుంది. ఇంట్లో ఉన్న పాత బ్లాకు అచ్చు ఎంత అందంగా ఉన్నా సరే, అది నకలుకు నకలు.

హక్కులు, తరలింపు

భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్ల వరకే హక్కు. విలియం 1837లో, థామస్ 1840లో పోయారు. చిత్రానికి అడ్డు లేదు. కానీ మరో సంస్థ తీసిన డిజిటల్ ఫోటో వాడితే ఆ సంస్థ షరతులు వేరే ఉంటాయి, వాటిని రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఇక్కడ మూలప్రతి చేతికే వచ్చింది కనుక ఆ చిక్కు రాలేదు. మంచి స్కాన్ కోసం మూలాన్ని విదేశీ ల్యాబ్‌కు పంపుదామనే మాట మాత్రం మొదట్లోనే ఆపాలి. 100 ఏళ్లు దాటిన కళాకృతి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. దాన్ని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తుల చేతిలో లేదు.

ఫోటో తీయడం

ఫ్లాట్‌బెడ్ స్కానర్ వద్దనుకున్నాం. మూత బరువుకు నీటిరంగు రాసుకుంటుంది, పైగా ఈ కొలతకు సరిపడే బెడ్ అరుదు. నిట్టనిలువు స్టాండుకు 45 మెగాపిక్సెల్ కెమెరా, 100 ఎం.ఎం. మాక్రో లెన్స్, ఎఫ్/8, కనిష్ఠ ఐఎస్ఓ. ఎఫ్/16కి వెళితే లోతు పెరుగుతుంది గానీ వివర్తనం (ఇరుకు రంధ్రం దగ్గర వెలుతురు చెదరడం) వల్ల గింజ మెత్తబడుతుంది.

గింజ విడివిడిగా కనిపించాలంటే మూలం కొలత మీద 600 పీపీఐ (అంగుళానికి 600 పిక్సెళ్లు) కావాలి. 300 దగ్గర చాయలు సరిగానే వస్తాయి, వల మాత్రం పొగమంచులా కలిసిపోతుంది. 8256 × 5504 పిక్సెళ్ల ఫ్రేమ్ 600 పీపీఐ దగ్గర సుమారు 35 × 23 సెం.మీ. మాత్రమే పట్టుకుంటుంది. రేకు ఒత్తిడి గుర్తుతో (రేకు అంచు కాగితం మీద నొక్కిన గీతతో) కలిపి తీయవలసిన మేర 66 × 50 సెం.మీ. ఫ్రేమును నిలువుగా పెట్టి, అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం 8 ఫ్రేములు. పొరుగు ఫ్రేముల మధ్య అతివ్యాప్తి అడ్డంగా 39 శాతం, నిలువుగా 57 శాతం పడింది. 30 కంటే తగ్గితే ఖాళీ ఆకాశం దగ్గర, ఫ్రేములను ఒకటిగా కలిపే కుట్టు సాఫ్ట్‌వేర్‌కు పట్టు దొరకదు.

కెమెరా కదలదు, మూలం ఉన్న బోర్డే జరుగుతుంది. అప్పుడు కాంతి అసమానత ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉంటుంది. తెల్ల కార్డు ఫోటో ఒకటి తీసి ఆ అసమానతను సరిచేయవచ్చు. కెమెరాను జరిపితే ఈ సౌకర్యం పోతుంది. దీపాలు రెండూ 45 డిగ్రీల్లో, అతినీలలోహిత వడపోతతో, ఫ్రేము మూలలకూ మధ్యకూ తేడా పదో వంతు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) దాటకుండా. పాత కాగితం కొద్దిగా అలలు తేలి ఉంటుంది. దాని మీద గాజు పలక పెట్టి అదమవద్దు. మార్జిన్ల మీద చిన్న గుడ్డ ఇసుక సంచులు చాలు. ముదురు నీడల మీద అరబిక్ జిగురు పూత మెరుస్తుంటే మాత్రం ఆ ఫ్రేములకే క్రాస్ పోలరైజేషన్ (మెరుపును వడకట్టే పద్ధతి) వాడుకోవచ్చు. మొత్తానికి వాడితే కాగితం ఉపరితలం చదునైపోయి, రంగులు లేనంత గాఢంగా కనిపిస్తాయి.

ప్రతి విడతలో 24 గడుల రంగు చార్టు, రెండు అంచుల వెంట ఉక్కు స్కేలు ఉండాలి. ఆ చార్టుతో కెమెరా ప్రొఫైల్ (కెమెరా రంగులను అసలు రంగులకు సరిచేసే పట్టిక) చేశాక సగటు డెల్టా ఈ 2000 (రెండు రంగుల మధ్య తేడా కొలత) విలువ 2 లోపు ఉంటేనే ముందుకు. కెమెరా ఇచ్చిన రా ఫైలును చిత్రంగా మార్చేటప్పుడు టోన్ కర్వ్ (వెలుగునీడల సర్దుబాటు) సరళరేఖ, షార్పెనింగ్ సున్నా, నాయిస్ తగ్గింపు సున్నా. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు ఆక్వాటింట్ గింజ అచ్చం నాయిస్‌లాగే కనిపిస్తుంది, తుడిచేస్తుంది. కృత్రిమ మేధ పెద్దది చేసే పరికరాలు ఇంకా ప్రమాదం. గింజను చూసి ఇటుకల వరసలు, ఆకులు, అలల గీతలు కల్పిస్తాయి. చెక్కినవాళ్లు వేయని గీత ఒక్కటి కూడా రాకూడదు. అందుకే ఈ పనిలో వాటికి చోటివ్వలేదు.

కుట్టిన తర్వాత ఫైలు సుమారు 184 మెగాపిక్సెళ్లు, 16 బిట్ టిఫ్‌గా 1.1 గిగాబైట్లు. దీన్ని తాళం వేసి పక్కన పెట్టాలి. ఆపైన చేసేదంతా నకలు ఫైలు మీదే. కుట్టు సరిగా ఉందో లేదో స్కేళ్లు చెబుతాయి. పైఅంచు, కింది అంచు కొలతలు అర మిల్లీమీటరు తేడా చూపినా మళ్లీ కుట్టాలి.

కాగితం రంగు తీయడం

అసలు పని ఇక్కడుంది. చిత్రంలోని పాత కాగితం కొలిస్తే ల్యాబ్ అనే రంగుల కొలమానంలో ఎల్ (వెలుగు) 88, బీ (పసుపు) 14 దగ్గర ఉంది. కొత్త సహజ నూలు కాగితం ఎల్ 96, బీ 3. ఈ రెంటి మధ్య తేడాగా ఉన్న పసుపు, ముదురుదనం రెండూ కాలం తెచ్చినవే.

చాలామంది చేసేది బీ విలువ మొత్తానికి 11 తగ్గించడం. తెల్ల చోట్ల బాగానే ఉంటుంది. గోధుమ సిరా ఉన్న చీకటి చోట్ల మాత్రం ఆ సిరా చల్లబడి బూడిదరంగు అవుతుంది. కారణం సులువే. నీటిరంగు పారదర్శకం. వెలుతురు రంగులోంచి దిగి, కాగితాన్ని తాకి, మళ్లీ రంగులోంచి పైకి వస్తుంది. కాగితం రంగు, పైపూత రంగు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి, కూడుకోవు. తీయాలంటే భాగించాలి.

ఒక ఉదాహరణ. వట్టి కాగితం సరళ విలువలు (వెలుతురుతో సమంగా పెరిగే కొలతలు) ఎరుపు 0.80, ఆకుపచ్చ 0.72, నీలం 0.55. గోడ నీడలో ఒక చోటు 0.60, 0.58, 0.50. కంటికి ఆ నీడ మురికి మీగడరంగులో ఉంటుంది. భాగిస్తే 0.75, 0.81, 0.91. అంటే చిత్రకారుడు అక్కడ వేసింది పలచని నీలి బూడిద. ఎండలో మెరిసే సున్నపు గోడ నీడ పక్క ఆకాశపు నీలాన్ని తీసుకుంటుంది కదా, సరిగ్గా అదే. రెండు శతాబ్దాల పసుపు కింద ఆ చల్లదనం దాక్కుని ఉంది. గోడ తెల్లగా అనిపించేది తెలుపు వల్ల కంటే ఈ నీడ వల్లే ఎక్కువ.

ఫోటో సాఫ్ట్‌వేర్‌లోని లెవెల్స్ పరికరంలో ఒక్కో ఛానెల్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) తెలుపు బిందువు జరిపినా గణితం దాదాపు ఇదే. చిక్కు ఏమిటంటే అది షీటు మొత్తానికి ఒకే విలువ. ఈ కాగితం అంతటా ఒకేలా పాతబడలేదు. కాబట్టి వట్టి కాగితం ఉన్న చోట్లు వెతికి, ఒక్కో చోట రంగు కొలిచి, మధ్య భాగాల్ని మెల్లగా కలుపుతూ ‘కాగితం పటం’ ఒకటి గీయాలి. మార్జిన్లు, ఎండ పడే గోడలు, తెరచాపలు, నురుగు లాంటివి పనికొస్తాయి. 20కి తగ్గకుండా బిందువులు కావాలి. ఆ పటంతో చిత్రాన్ని భాగించాలి.

మొదటి ప్రూఫు (పరీక్ష అచ్చు) ఇక్కడే చెడింది. దిగంతం దగ్గర ఆకాశం కింది అంచును వట్టి కాగితం అనుకుని నాలుగు బిందువులు తీసుకోవడం జరిగింది. ప్రూఫులో ఆకాశం కింది భాగం బోసిపోయింది, కోట గోడ ముందుకు రాకుండా ఆకాశంతో కలిసిపోయింది. పది రెట్ల లూపుతో (చిన్న భూతద్దంతో) మూలం మళ్లీ చూస్తే అక్కడ లేత పసుపు పూత ఉంది. కాగితం పీచు సందుల్లో రంగు కణాలు ఇరుక్కుని కనిపించాయి. చిత్రకారుడి వెచ్చని దిగంతాన్ని మరక అనుకుని కడిగేశామన్నమాట. ఆ నాలుగు బిందువులు తీసేసి, ఆకాశం లోపల ఒక్క బిందువూ లేకుండా, మార్జిన్ నుంచీ గోడల నుంచీ మాత్రమే పటం గీస్తే దిగంతం తిరిగి వచ్చింది. అప్పటినుంచి నియమం: లూపుతో చూసి, కణాలు లేవని తేల్చుకోకుండా ఏ బిందువూ పటంలోకి రాదు. మౌంట్ చార ఇరుకైనది. దాన్ని విడిగా ఒక మాస్కుతో (ఆ చోటికే మార్పును పరిమితం చేసే ముసుగుతో) భాగించాలి, లేదంటే పటం దాని మీదుగా సాగి పక్కల వెలుగు గీతలు పుట్టిస్తుంది.

తుప్పు చుక్కలు కాగితం వ్యాధి, చిత్రం కాదు. చిత్రభాగంలోవి తీసేశాం. కానీ క్లోన్ బ్రష్‌తో పక్క గింజను అంటిస్తే ఆ మచ్చ ఆకారంలో నకలు గింజ తేలుతుంది. చుక్క కింద కూడా అసలు గింజ ఉంటుంది. గింజను వేరే పొరగా విడదీసి, చుక్క రంగును మాత్రమే, మిగిలిన స్థూలమైన పొరలో, సర్దితే కింది గింజ బతుకుతుంది. ముదురు మధ్యభాగం ఉన్న కొన్నింటికే క్లోన్ అవసరమైంది. ఒక్కో దిద్దుబాటూ విడి లేయరులో ఉండాలి. రేపు ఎవరైనా ‘ఇది పక్షా, మచ్చా’ అని అడిగితే చూపగలగాలి.

ఆకాశం ఇంకా నీలంగా కావాలన్న కోరిక వచ్చింది. కాదన్నాం. ఆ కాలపు నీటిరంగు ఆకాశాల్లో నీలిమందు వెలుతురుకు వెలిసిపోయి, దానితో కలిపిన ఎర్రమట్టి రంగు మిగిలి, మేఘాలు ఎర్రబారడం బాగా తెలిసిన సంగతే. కాగితం పసుపును భాగించి తీయవచ్చు, ఎందుకంటే వట్టి కాగితం ఎదురుగా ఉంది, కొలవవచ్చు. వెలిసిన నీలం ఎంత ఉండేదో కొలిచే వీలు ఈ షీటులో లేదు. పైగా ప్రతి ప్రతికీ వేర్వేరు చేతులు రంగువేశాయి, ఏ రెండు ఆకాశాలూ ఒకటి కావు. కొలవలేనిదాన్ని పెంచితే అది పునర్ముద్రణ కాదు, కొత్త బొమ్మ.

కొలత, కాగితం, అచ్చు

మూలం కొలతకే అచ్చువేయలేదు. ఆరింట ఐదు వంతులకు తగ్గించాం: చిత్రం 50 × 35 సెం.మీ. రెండు కారణాలు. ఒకటి, ఏ నాడైనా ఫ్రేమ్ విప్పి చూసినవారు దీన్ని 1797 నాటిదనుకునే అవకాశం ఉండకూడదు, కొలతే సాక్ష్యం చెప్పాలి. రెండు, 600 పీపీఐ ఫైలును ఆరింట ఐదుకు కుదిస్తే సరిగ్గా 720 పీపీఐ అవుతుంది. వాడిన ప్రింటరు లోపల లెక్కవేసుకునేది ఆ విలువతోనే. పిక్సెళ్లను మళ్లీ సాగదీయనక్కర్లేదు, గింజ చెక్కుచెదరదు. కుట్టిన ఫైలు అసలు రిజల్యూషన్ 600కు కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి స్కేలు చూసి కొలతను ఒకటి రెండు మిల్లీమీటర్లు సర్దాలి, పిక్సెళ్లను కాదు.

కాగితం: 310 గ్రాముల, 100 శాతం నూలు, మ్యాట్, స్వల్ప గరుకు. తెలుపు పెంచే రసాయనం ఉండకూడదు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేస్తే చాలు, నీలంగా మెరిస్తే ఆ కాగితం వద్దు. ఆ మెరుపు కొన్నేళ్లకు చచ్చిపోయి కాగితం పసుపెక్కుతుంది, ఇన్ని తంటాలు పడి తీసిన పసుపు మళ్లీ వస్తుంది. మెరిసే బరైటా కాగితం నలుపు గాఢంగా ఇస్తుంది నిజమే. కానీ పాత రాగి రేకు సిరాకు అంత గాఢత లేదు, మ్యాట్ నలుపు సరిపోతుంది.

ప్రింటరు ప్రొఫైల్ కోసం రంగుల చార్టు అచ్చువేశాక 24 గంటలు ఆరనిచ్చి కొలవాలి. తడిమీద కొలిస్తే నీడలు తప్పుతాయి. అచ్చు రిలేటివ్ కలరిమెట్రిక్ (ఫైలులోని తెలుపును కాగితం తెలుపుగానే తీసుకునే పద్ధతి), బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్‌తో (ఫైలు నలుపును ప్రింటరు నలుపుకు సర్దడంతో). ఇక్కడ మొదట చెప్పిన మాట పని చేస్తుంది. ఫైలులో వట్టి కాగితం ఉన్న చోట ప్రింటరు ఒక్క చుక్క సిరా కూడా వేయదు. సున్నపు గోడ మళ్లీ కాగితమే అవుతుంది. పోల్చడానికి పాత కాగితం రంగును కూడా అచ్చువేసే పద్ధతిలో, ఆబ్సల్యూట్ కలరిమెట్రిక్‌లో, ఒక ప్రూఫు తీశాం. దగ్గరనుంచి చూస్తే గోడల నిండా లేత పసుపు, బూడిద చుక్కలు. గోడ దుమ్ముపట్టినట్టుంది. అధ్యయనం కోసం ఉన్నదున్నట్టు చూపాలంటే ఆ పద్ధతి సరైనదే, గోడకు పెట్టడానికి కాదు.

24 అంగుళాల రోలు, 15.24 మీటర్లు. షీటు 61 × 48 సెం.మీ. పక్కల 5.5, పైన 5, కింద 6 సెం.మీ. మార్జిన్, చిత్రం కింద అక్షరాల పంక్తికి 2. ఆ పంక్తిని కత్తిరించవద్దు. 1735 నాటి ఇంగ్లండ్ చెక్కడాల చట్టం యజమాని పేరు, తేదీ రేకు మీదే ఉండాలంది. చిత్రం ఎప్పటిదో చెప్పే పత్రం అదే. రోలు చివరి మీటరుకు పైగా మధ్యనున్న గొట్టం చుట్టూ బిగిసి వంగి ఉంటుంది, ప్రింటరు హెడ్డుకు తగులుతుంది, లెక్కలోకి తీసుకోకూడదు. మిగిలిన 14 మీటర్లలో 29 షీట్లు: 25 ప్రతులు, నాలుగు నష్టానికి. నాలుగులో మూడు నిజంగానే పోయాయి. రెండు నూలు దుమ్ము వల్ల. అచ్చువేసేటప్పుడు పీచు మీద సిరా పడి, తర్వాత ఆ పీచు రాలితే తెల్ల చుక్క మిగులుతుంది, ఆకాశంలో అది దాగదు. అప్పటినుంచి ప్రతి షీటు మేరనూ మెత్తని వెడల్పు బ్రష్‌తో తుడిచాకే అచ్చు. మూడోది హెడ్డు రాసుకుని పోయింది. తీరప్రాంతపు తేమలో రోలు విప్పిన వెంటనే వాడితే అంచులు లేస్తాయి. గదిలో తేమ 45 నుంచి 60 శాతం మధ్య ఉంచి, రోలును ఒక రోజు అలవాటు పడనివ్వాలి, ప్లాటెన్ గ్యాప్ (హెడ్డుకూ కాగితానికీ మధ్య ఎడం) వెడల్పు చేయాలి.

షార్పెనింగ్ దాదాపు లేనట్టే. కాస్త ఎక్కువైనా గింజలు ఒకదానికొకటి అతుక్కుని పురుగుల్లా కనిపిస్తాయి. ఇది తెరమీద తెలియదు, కాగితం మీదే తెలుస్తుంది, కనుక ఆకాశం, నీడ, నీరు మూడింటి ముక్కలతో 10 సెం.మీ. పట్టీలు అచ్చువేసి చూడాలి. ప్రూఫులను డీ50 దీపం (పగటి వెలుతురుకు ప్రమాణంగా వాడేది) కింద, తర్వాత పసుపు ఎల్ఈడీ కింద కూడా చూడాలి. మూలం, నకలు ఒక దీపం కింద సరిపోయి, మరో దీపం కింద విడిపోవచ్చు, ముఖ్యంగా బూడిద చాయల్లో. ప్రతులు ఉండేది పసుపు దీపాల గదిలో కాబట్టి చివరి సర్దుబాటు ఆ వెలుతురుకే చేశాం.

ఫ్రేము

రేకు ఒత్తిడి గుర్తును నకలు మీద ప్రెస్సులో తెప్పించమని సలహాలు వస్తాయి. వద్దు. అది లోహం ఒత్తిడికి పడిన గుర్తు, ఇంక్‌జెట్ షీటు మీద అబద్ధం. దానికి బదులు కింది కుడి మూలన రంగులేని ఒత్తుముద్ర, వెనక పెన్సిల్‌తో వివరం: మూలం పేరు, 1797, మూలానికి ఆరింట ఐదు వంతులు, అచ్చు తేదీ, కాగితం, వరుస సంఖ్య.

ఆమ్లరహిత నూలు మౌంట్ బోర్డు, పైఅంచున మాత్రమే జపాన్ టిష్యూ పట్టీలు రెండు, గోధుమ గంజి జిగురు. నాలుగు వైపులా అతికిస్తే తేమకు కాగితం సాగి అలలు తేలుతుంది. అతినీలలోహితం ఆపే యాక్రిలిక్, అది అచ్చును తాకకుండా మౌంట్ ఎడం ఇస్తుంది. వెనక కింది మూలల్లో రబ్బరు బిళ్లలు పెడితే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. ఇవి లేకుండా ఒక తడిగోడకు ఆనించి పెట్టిన ఫ్రేములో వర్షాకాలం గడిచేసరికి వెనక బోర్డు కింది అంచున బూజు మొదలైంది. అచ్చు దాకా రాకముందే బోర్డు మార్చి, ఫ్రేమును లోపలి గోడకు తరలించాం.